ఎవరి పద్దు, ఎవరి బూడిద?

కంపెనీల పర్యావరణ నివేదికలను ఇంతకాలం ఇంజనీర్లకు, అకౌంటెంట్లకు వదిలేసినం. కథనో కవితనో చదివేటప్పుడు ఎవరు మాట్లాడుతున్నరు, ఎవరిని ఊరవతల ఉంచిన్రు అని అడిగే మేము కూడా ఈ లెక్కలు మనవి కావనుకున్నం. అది పొరపాటు. రేపు గని మూతబడితే పరిహారం ఎవరికన్నది ఈ పద్దుల్లోనే తేలుతుంది. కాబట్టి వీటినీ సాహిత్యం చదివినట్టే చదవాలె.

ముందు వీటి వ్యాకరణం చూద్దాం. 2001లో వచ్చిన గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రోటోకాల్ కంపెనీ లెక్కను మూడు 'స్కోపు'లుగా విడగొట్టింది. కంపెనీ తాను కాల్చేది మొదటిది. కొన్న కరెంటు వల్ల పుట్టేది రెండవది. అమ్మిన సరుకును ఇతరులు వాడితే పుట్టేది మూడవదాంట్లో పడుతుంది. స్టాక్ మార్కెట్‌లోని మొదటి 1000 కంపెనీలకు సెబీ 2022-23 నుంచి బాధ్యతా నివేదికను తప్పనిసరి చేసింది. అందులోనూ మొదటి రెండే తప్పక చెప్పవలసినవి, మూడవది ఐచ్ఛికం. 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది అయిన సింగరేణి మార్కెట్‌లో లేదు గనుక ఆ మాత్రం నిర్బంధమూ దానికి లేదు.

బొగ్గు తవ్వేవాళ్లకు ఈ గీతలు ఎంత అనుకూలమో చూడండి. 2023-24లో సింగరేణి 7 కోట్ల టన్నులు తవ్వింది. టన్ను కాలితే సుమారు ఒకటిన్నర టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే 10 కోట్ల టన్నుల పైమాటే. డంపర్ల డీజిల్, గనుల కరెంటు దీని ముందు చిన్నవి. మొదటి రెండు గడులు మాత్రమే చూసేవాళ్లకు కనబడేది ఆ చిన్నదే. బొగ్గు గేటు దాటగానే పొగ కొన్నవాడి ఖాతాలో పడుతుంది. ఇందులో మనకు తెలియని సూత్రం ఏముంది? మైల పుట్టించినవాడిని వదిలి మోసినవాడికి అంటగట్టడం ఈ దేశానికి కొత్తకాదు. కులం కూడా ఒక పద్దుల విధానమే. లాభం ఒక గడిలో, మైల ఇంకో గడిలో.

రామగుండం ఎన్టీపీసీ రిజర్వాయరు మీద 100 మెగావాట్ల తేలియాడే సోలార్ కేంద్రం 2022 జూలైలో పూర్తయింది. మంచిదే. పక్కన బొగ్గుతో నడిచే పాత కేంద్రమే 2600 మెగావాట్లది. ఫొటోకెక్కేది నీళ్ల మీది పలకలు, కుందనపల్లి బూడిద చెరువు కాదు. ఓపెన్ కాస్టు మట్టి దిబ్బల మీద మొక్కలు నాటితే పద్దులో జమ అవుతుంది. ఆ దిబ్బల కింద చెలకలుండె, బాయిలుండె. నాటిన మొక్కకు గడి ఉన్నది, పూడిన బాయికి లేదు. పట్టా ఉన్నోనికి కనీసం కాగితం ఉన్నది. అదే చెలకల కూలికిపోయిన మాల, మాదిగ ఆడోళ్లకు ఏమున్నది?

ఇక మనుషుల లెక్క. తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు నింపిన తరంలో దళితులు, వెనుకబడిన కులాలవాళ్లే ఎక్కువ. 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న పర్మినెంటు ఉద్యోగులు ఇవాళ సుమారు 40 వేలు. ఉత్పత్తి మాత్రం మూడింతలు దాటింది. ఆ ఖాళీని యంత్రాలు, కాంట్రాక్టు కార్మికులు నింపిన్రు. 2024 సెప్టెంబరులో లాభాల వాటా పంచితే పర్మినెంటు కార్మికునికి సగటున 1 లక్షా 90 వేలు వచ్చింది. కాంట్రాక్టు కార్మికునికి 5 వేలు. అదీ మొదటిసారి! ఈ తేడాను యూనియన్లు ఇంతకాలం ఎట్లా ఓర్చుకున్నయని కూడా అడగాలె. వాటాను నిలదీయకుండా ఒక్క కంపెనీ నివేదికనే తప్పుపట్టడం సగం విమర్శే.

టన్నుకు మనిషిని ముడివేయడం కుదరదనేవాళ్లకు ఒక జ్ఞాపకం. అంబేద్కర్ వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక శాఖ సభ్యుడిగా 1943 డిసెంబరులో ధన్‌బాద్ గనులు చూసిండు. 1944లో బొగ్గుగని కార్మిక సంక్షేమ నిధి ఆర్డినెన్సు వచ్చింది. గని నుంచి పోయే బొగ్గు మీద టన్నుకింత సెస్సు, ఆ సొమ్ము కార్మికుల ఇండ్లకు, నీళ్లకు, వైద్యానికి. అది బ్రిటిష్ ఇండియా చట్టం. సింగరేణి అప్పుడు నిజాం రాజ్యంలో ఉన్నది. అయినా సూత్రం మనది. అక్కడ టన్ను పక్కన మనిషి ఉన్నడు. నేటి కార్బన్ పద్దులో టన్ను పక్కన ఇంకో టన్నే ఉన్నది.

2070 నాటికి నికర సున్నా అని 2021లో గ్లాస్గోలో ప్రధాని ప్రకటించిండు. బొగ్గు తగ్గాలన్నదాన్ని మేము కాదనం. ఎండకు, బూడిదకు ముందు కాలేది మన వాడలే. కానీ గని మూతబడిన రోజు పర్మినెంటు కార్మికునికి పింఛను ఉంటది. కాంట్రాక్టు డ్రైవరుకు, ఊడ్చే అమ్మకు, పట్టాలేని కూలికి ఏ పద్దులో పేరుంటది? లెక్కలో లేనోడు పంపకంలో ఉండడు.

అందుకే మా ప్రతిపాదన చిన్నది. అమ్మిన బొగ్గు పొగ, పోయిన బాయి, కాంట్రాక్టు కూలి అనే మూడు గడులు ప్రతి నివేదికలో ఉండాలె. వాళ్లు రాసేదాకా ఆగొద్దు. గోదావరిఖని టీచర్లు, విద్యార్థులు సెలవుల్లో లద్నాపూర్, మేడిపల్లి వైపు పోయి, వాడ వాడకు కూర్చొని ఆ మూడు గడులు నింపుకొని రావాలె.