బడి పంతులు, యాప్, చట్టం: ఒక దళిత విమర్శ

ఈ నాలుగైదేళ్ళుగా ఆంధ్రప్రదేశ్‌లో సర్కారు బడి పంతుళ్ళు రెండు మాటలు గట్టిగా చెప్తున్నారు. బడిలోకి వచ్చిన యాప్‌లు తమని చదువు చెప్పనీయట్లేదని ఒక మాట. చట్టం తమ పక్షాన ఉందని ఇంకో మాట. రెండూ నిజాలే. అయితే ఈ మాటలు ఏ సామాజిక స్థానం నుంచి వస్తున్నాయి, ఎవర్ని కలుపుకుంటున్నాయి, ఎవర్ని వదిలేస్తున్నాయి అనే చర్చ జరగలేదు. ఆ చర్చ మనం చేయాలి. ఎందుకంటే స్తోమత ఉన్నోళ్ళు ప్రైవేటుకి పోయాక సర్కారు బడిలో మిగిలింది ఎక్కువగా దళిత, ఆదివాసీ, వెనకబడిన కులాల పిల్లలే.

ముందు పంతులు మాటలో ఉన్న న్యాయం చూద్దాం. 2009 విద్యాహక్కు చట్టం 27వ సెక్షను ప్రకారం జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప ఇతర బోధనేతర పనులకు టీచర్లని వాడకూడదు. జరిగింది వేరు. మధ్యాహ్న భోజనం లెక్కలు, గుడ్ల లెక్కలు, మరుగుదొడ్ల ఫోటోలు యాప్‌లోకి ఎక్కించే పని వాళ్ళ నెత్తిన పడింది. 2022 ఆగస్టు నుంచి ఫోనుకి ముఖం చూపించి హాజరు వేసుకోమన్నారు. ఫోను పంతులుది, డేటా పంతులుది, సిగ్నల్ అందకపోతే తప్పూ పంతులుదే. టీచర్ని బడి బయటికి పంపిస్తే చట్ట ఉల్లంఘన అందరికీ కనపడుతుంది. తరగతి గదిలోనే ఉంచి చేతికి ఫోను పనులు అప్పజెప్తే కనపడదు. ఏకోపాధ్యాయ బడిలో ఇట్లా పోయిన ప్రతి పావుగంటా ఇంటికాడ చదువు చెప్పేవాళ్ళు లేని పిల్ల పావుగంటే. ఇంతవరకు పంతులుతో మనకి పేచీ లేదు.

పేచీ మరుగుదొడ్డి దగ్గర మొదలవుతుంది. ఫోటోల పని మీద ఎక్కువగా వినపడ్డ మాట 27వ సెక్షను కాదు, 'గురువుకి అవమానం' అన్నది. చదువు చెప్పే చేత్తో దొడ్డి ఫోటో తీయిస్తారా అని అడిగారు. ఫోటో తీస్తేనే అవమానమైతే, రోజూ ఆ దొడ్డి కడిగే ఆయాకి జరిగేదానికి ఏం పేరు పెట్టాలి? ఆమె నెల జీతం 6,000 రూపాయలు. ప్రభుత్వ ఉద్యోగి కాదు, పేరెంట్స్ కమిటీ పెట్టుకున్న మనిషి. నెలల తరబడి బకాయిల కోసం ఆయాలు రోడ్డెక్కారు. ఆ జీతమన్నా ఎక్కడిది? 2021 నుంచి అమ్మఒడి డబ్బుల్లో తల్లికి వెయ్యి రూపాయలు కోసి పెట్టిన మరుగుదొడ్ల నిధిది. అంటే పేద తల్లి డబ్బుతో, చాలాచోట్ల అదే వాడలో ఇంకో పేద తల్లి చేత కడిగించారు. యాప్ ఫోటోలో శుభ్రమైన దొడ్డి కనపడింది, కడిగిన మనిషి కనపడలేదు. పంతుళ్ళ విజ్ఞాపన పత్రాల్లో తొలి డిమాండుగా కూడా ఆమె కనపడలేదు. 2024లో ప్రభుత్వం మారాక ఫోటోల పని టీచర్ల మీద నుంచి తీసేశారు. పంతులు అవమానం తీరింది. ఆయా బతుకు మారలేదు.

ఇది ఒక్క పంతులు బుద్ధి గురించిన మాట కాదు, వృత్తిగౌరవం అనుకునేదాంట్లోనే కులం కలిసుంది. నేను చదివిన బడిలో గది ఊడ్చే వంతు మా పేట పిల్లలదే. నీళ్ళ కుండ దగ్గరికి వెళ్ళే వంతు మాత్రం మాకు ఎప్పుడూ రాలేదు. అది ఏ రిజిస్టరులోనూ లేదు, ఇవాళ ఏ యాప్‌లోనూ దానికి గడి లేదు. విద్యాహక్కు చట్టంలో మాత్రం ఉంది. బలహీన వర్గాల పిల్లలపై వివక్ష జరక్కుండా చూడాలని 8వ సెక్షను ప్రభుత్వాన్ని, 9వ సెక్షను స్థానిక సంస్థల్ని ఆదేశిస్తున్నాయి. శారీరక శిక్షని, మానసిక వేధింపుని 17వ సెక్షను నిషేధించింది. బడి కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలని, వెనకబడ్డ వర్గాలకు జనాభా మేరకు చోటివ్వాలని 21వ సెక్షను చెప్తుంది. 27ని నోటికి నేర్చుకున్న సంఘాలు వీటిని ఎన్ని సమావేశాల్లో చదివి వినిపించాయి?

ట్యాబుల విషయంలోనూ ఇదే చూపు. 2022 డిసెంబరు 21న ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి 5,18,740 ట్యాబులిచ్చే కార్యక్రమం మొదలైంది. 'వీళ్ళ చేతికి ట్యాబిస్తే చెడిపోతారు' అన్న పంతుళ్ళున్నారు. సొంత పిల్లల్ని ఇదే సరుకుండే ప్రైవేటు బడికి పంపుతూ అన్నవాళ్ళూ ఉన్నారు. ఆ 'వీళ్ళు' అనే మాటని మనం గుర్తుపట్టగలం. కూలికెళ్ళే తల్లి ట్యాబుని చూసి మురిసిపోవడం అమాయకత్వం కాదు. ఇన్నాళ్ళూ అందనిది అందిందన్న లెక్క అది. ఆ తల్లిని వెక్కిరించే హక్కు ఎవరికీ లేదు.

అట్లాగని ప్రభుత్వ లెక్కని ఒప్పుకోలేం. ట్యాబుల్లో పాఠాలు నింపిన బైజూస్ కంపెనీ 2024 జులైలో దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. మరోపక్క, 2018 డీఎస్సీ తర్వాత మళ్ళీ పెద్దయెత్తున టీచర్ల నియామకం 16,347 పోస్టులతో 2025లోగాని జరగలేదు. మధ్యలో ఎదిగిన పిల్లలకి టీచరు కొరతని ట్యాబుతో పూడ్చాలని చూశారు. అర్థంకాక తల దించుకున్న పిల్లని చూసి, పాఠం ఆపి మళ్ళీ చెప్పే పని మనిషిదే. మొదటితరం పిల్లకి అటువంటి మనిషే ముఖ్యం.

ఎటువంటి మనిషి అన్నది ఫూలే 1882లోనే హంటర్ కమిషన్ ముందు చెప్పాడు. ప్రాథమిక బడుల్లో టీచర్లు సేద్యగాళ్ళ కులాల నుంచి రావాలని, నాగలి మేడి పట్టడానికి సిగ్గుపడనోళ్ళు కావాలని ఆయన వాదన. ఇవాళ దానికి మనం చేర్చాల్సింది ఒకటుంది: చీపురు పట్టే మనిషిని చూసి మొహం తిప్పుకోనోళ్ళు కావాలి. దళిత టీచర్లు ఇప్పుడు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. వాళ్ళ సంఖ్య పెరిగినంతగా సంఘాల ఎజెండా మారలేదు.

కాబట్టి యాప్‌ల భారం మీద పంతుళ్ళు చేసే పోరాటానికి మనం మద్దతివ్వాలి, షరతుతో ఇవ్వాలి. బోధనేతర పని రద్దుతోపాటు ఆయాకి కనీస వేతనం, ఉద్యోగ భద్రత అదే పత్రంలో ఉండాలి. పిల్లల చేత ఊడ్పించడం, కడిగించడం ఆపుతామని సంఘాలు తమ సభ్యులకే తీర్మానం చేసి చెప్పాలి. బడి కమిటీలో వాడ తల్లులు సంతకానికే పరిమితం కాకుండా లెక్క అడగాలి. విద్యార్థి సంఘాలు ఈ సెక్షన్లని తెలుగులో అచ్చేసి వాడవాడకీ తీసుకుపోవాలి. చట్టం ఇప్పటిదాకా పంతులు చేతిలో ఉంది. పిల్లల తల్లుల చేతికి కూడా రావాలి.