మాల తీసిన సాయంత్రం

"మాలలో ఉన్నా" అంటే చాలు. హైదరాబాదులో మందు వద్దనడానికి ఇంతకన్నా గట్టి మాట ఇంకోటి లేదు. కార్తీకం వచ్చిందంటే నాచారం పారిశ్రామికవాడలో షిఫ్టు దిగి వచ్చేవాళ్లలో, ఉప్పల్ రింగురోడ్డు దగ్గర బస్సు కోసం నిలబడ్డవాళ్లలో, హబ్సిగూడ మెట్రో మెట్లెక్కేవాళ్లలో నల్లబట్టల అయ్యప్ప స్వాములు కనిపిస్తారు. నిన్నటిదాకా పొద్దుగూకగానే వైన్స్ దగ్గర కలిసిన జట్టు ఆ రెండు మాటలు వినగానే "స్వామి శరణం" అని పక్కకు తప్పుకుంటుంది. బతిమాలదు, కారణం అడగదు, ఎగతాళి చెయ్యదు. అదే మనిషి నాలుగు నెలలు పోయాక షుగరు రిపోర్టు చూసుకుని, అన్నం తగ్గించి, "డైట్‌లో ఉన్నా, మందు ముట్టను" అంటే అదే జట్టు "ఒక్కరోజుకు ఏం గాదు తియ్" అని గ్లాసు ముందుకు జరుపుతుంది. రెండుసార్లూ అతను చెప్పింది ఒకటే. మొదటిది 41 రోజులు నిలబడింది, రెండోది అరగంట నిలవలేదు. ఈ తేడా అంతా భక్తిదే అనుకుంటే సగమే అర్థమైనట్టు. మండల దీక్షలో భక్తితో పాటు ఒక పనితనం ఉంది. కోరికను ఏ గంటలో, ఎవరి మధ్య, దేని సాయంతో దాటాలో తెలిసిన పనితనం అది. పిండిపదార్థాలు తగ్గించి తినేవాళ్లకు సరిగ్గా అదే కరువైంది.

అన్నం తగ్గించాలన్న ఆలోచనలో తప్పు లేదు. దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉందని భారత వైద్య పరిశోధన మండలి వారి ఇండియాబ్ సర్వే 2023లో లెక్క తేల్చింది. మనం రోజూ తీసుకునే కేలరీల్లో దాదాపు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయని కూడా అదే సర్వే వాళ్లు చూపించారు. నాచారం నుంచి తార్నాక వైపు పోతే జాతీయ పోషకాహార సంస్థ వస్తుంది. ధాన్యాల వాటా 45 శాతం మించకుండా చూసుకోమని ఆ సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. దానికంటే ముందే, 2017 ప్రాంతంలో, పిండిపదార్థాలు తగ్గించమంటూ వీరమాచనేని రామకృష్ణ చెప్పిన పద్ధతి తెలుగు ఇళ్లను ఒక ఊపు ఊపింది. కొలిచి తీసుకునే కొబ్బరినూనె, నాలుగు లీటర్ల నీళ్లు, నిమ్మకాయలు, మల్టీవిటమిన్ మాత్రలు ఇంటింటి మాటలయ్యాయి. దాని మీద డాక్టర్లు లేవనెత్తిన అభ్యంతరాలు వేరే చర్చ. ఇలాంటి డైట్లన్నీ పళ్లెంలో ఏముండాలో, ఏముండకూడదో గ్రాముల్లో చెబుతాయి. సాయంత్రం ఏడింటికి, మేనేజరుతో మాటపడి వచ్చిన మనిషి ఏం చెయ్యాలో మాత్రం చెప్పవు.

పైగా ఈ డైట్ల చరిత్ర మందుకు తలుపు తీసే ఉంచింది. 1863లో లండన్‌కు చెందిన విలియం బాంటింగ్ రొట్టె, చక్కెర, బంగాళాదుంప మానేసి సన్నబడ్డానని చిన్న పుస్తకం వేశాడు. బీరు వద్దన్నాడు గాని, ద్రాక్షసారా గ్లాసులు అతని రోజువారీ భోజనంలోనే ఉన్నాయి. 1964లో అమెరికాలో వచ్చిన 'డ్రింకింగ్ మ్యాన్స్ డైట్' పేరులోనే మందు పెట్టుకుంది. మన దగ్గర ఆ వాదనే "బీరులో కార్బ్స్ ఉంటయి, విస్కీల సున్నా" అన్న మాటగా తిరుగుతోంది. లెక్క ప్రకారం అది అబద్ధం కాదు. 30 మిల్లీలీటర్ల పెగ్గులో సుమారు 10 గ్రాముల ఆల్కహాల్, 70 కేలరీలు ఉంటాయి, పిండిపదార్థం ఉండదు. క్వార్టర్ అంటే ఆరు పెగ్గులు, 400 కేలరీల పైమాటే. అయితే శరీరానికి ఆల్కహాల్‌ను దాచుకునే చోటు లేదు. అది కడుపులో పడగానే కాలేయం మిగతా పనులు పక్కనపెట్టి ముందు దాన్నే కాలుస్తుంది, ఏ కొవ్వు కరగాలని అన్నం మానేశామో ఆ కొవ్వు వంతు కోసం ఆగుతుంది. ఆ సమయంలో కాలేయం కొత్తగా గ్లూకోజు తయారుచెయ్యడం కూడా మందగిస్తుంది. అన్నం తినేవాణ్ణి నిల్వ గ్లూకోజు ఆదుకుంటుంది. తక్కువ కార్బ్స్ మీద ఉన్నవాడికి ఆ నిల్వ తరిగిపోయి ఉంటుంది కాబట్టి షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఇక రెండో పెగ్గు తర్వాత మిర్చిబజ్జీ వద్దనే తెలివి ఎవరికి ఉంటుంది? పదకొండు గంటలకు బిర్యానీ పొట్లం విప్పుతున్నప్పుడు కార్బ్స్ లెక్క గుర్తుకు రాదు. విస్కీలో సున్నా అన్న మాట ఒక్క గ్లాసుకే నిజం, ఆ రాత్రంతటికీ కాదు.

మందు మీదికి, తీపి మీదికి పాణం గుంజడం అంటే ఏమిటో కొంచెం ఆగి చూడాలి. ఆకలి మెల్లగా వస్తుంది, ఏది పెట్టినా తగ్గుతుంది. కోరిక ఉన్నట్టుండి వస్తుంది, ఒక్కదాన్నే అడుగుతుంది. రెండు ఉడికించిన గుడ్లో, గిన్నెడు పెరుగో ముందు పెడితే వద్దని, బజ్జీయే కావాలనిపిస్తే అది కడుపు అడుగుతున్నది కాదు. డైట్ మొదలుపెట్టిన తొలి వారంలో ఇంకో మోసం కూడా ఉంది. పిండిపదార్థాలు తగ్గగానే ఇన్సులిన్ తగ్గుతుంది, మూత్రపిండాలు ఉప్పును, నీటిని ఎక్కువగా బయటికి పంపుతాయి. తలనొప్పి, నీరసం, చిరాకు వస్తాయి. చాలామంది దాన్ని మందు లేని లోటనో, తీపి లేని లోటనో అనుకుని ఓడిపోతారు. బీపీ మందులు వాడనివాళ్లకు ఉప్పు వేసిన పలుచని మజ్జిగ ఒక గ్లాసు చాలాసార్లు ఆ చిరాకును దించేస్తుంది. మజ్జిగకు లొంగనిదే అసలు కోరిక. దాన్ని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త అలన్ మార్లాట్ అలతో పోల్చాడు. లేస్తుంది, పెరుగుతుంది, మనం దాని వెంట పరుగెత్తకపోతే దానంతటదే విరిగిపోతుంది. ఆ కాస్సేపూ మనిషి ఎక్కడ ఉన్నాడు, చేతులు ఏం చేస్తున్నాయి, పక్కన ఎవరున్నారు అన్నదాని మీదే గెలుపోటములు తేలుతాయి.

ఈ కాస్సేపటి కోసం దీక్ష చేసిన ఏర్పాటు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. సాయంత్రం ఆరున్నర, ఏడు మధ్య, అంటే సరిగ్గా సిట్టింగు మొదలయ్యే వేళకు, స్వామి నెత్తిన చన్నీళ్లు పడతాయి. తల తుడుచుకుని, విభూతి, గంధం, కుంకుమ దిద్దుకుని, దీపం ముందు కూర్చుంటాడు. శరణుఘోషలో గొంతుకు పని, తాళం వెయ్యడంలో చేతులకు పని. పడిపూజ ఉన్న రోజున అయితే ఒక వీధి స్వాములంతా ఒకే ఇంటి మేడ మీద ఉంటారు. హారతి అయ్యేసరికి ఎనిమిదిన్నర, ఫలహారం చేసి చాప మీద నడుం వాల్చితే తెల్లవారుజామునే మళ్లీ చన్నీళ్లు. కోరిక తలుపు తట్టే గంటలో ఇంట్లో చోటే లేకుండా చేశారన్నమాట. మెడలో తులసిపూసలో, రుద్రాక్షలో చొక్కా లోపల చర్మానికి తగులుతూనే ఉంటాయి. చేతిని జేబు దాకా పోనివ్వకముందే గుర్తుచేస్తాయి. కాళ్లకు చెప్పులుండవు. వైన్స్ ముందు పగిలిన సీసాల మధ్య ఉత్త కాళ్లతో ఎవరు నడుస్తారు? గడ్డం, నల్లబట్టలు ఊరంతటికీ సాక్ష్యం. అన్నిటికన్నా గొప్ప ఏర్పాటు పిలుపుది. గురుస్వామి మాల వేసిన క్షణం నుంచి కట్టుకున్న భార్య, కన్నపిల్లలు, ఫోర్‌మన్, ఆటో డ్రైవరు అందరూ అతన్ని "స్వామీ" అనే పిలుస్తారు. రోజుకు వందసార్లు ఆ పిలుపు వినే మనిషికి "నేను మందు మానేస్తున్నాను" అని తనతో తాను పోరాడే పని తప్పుతుంది. తాగేవాడు వేరొకడు, స్వామి వేరు. మొదటిసారి వేసుకున్నవాణ్ణి కన్నెస్వామి అంటారు, ఏటేటా కత్తి, గంట, గద అంటూ పేరు పెరుగుతుంది. మానుకోవడానికి హోదా ఇచ్చిన పద్ధతులు లోకంలో ఎక్కువ లేవు.

దీక్షలో భోజనం మాత్రం డైట్ వాళ్లకు పనికొచ్చేది కాదని ఒప్పుకోవాలి. మధ్యాహ్నం భిక్షలో అన్నం, పులిహోర, పాయసం, రాత్రి ఇడ్లీయో ఉప్మానో, అరటిపండ్లో ఉంటాయి. మందు మానిన శరీరం తీపి వైపు మళ్లడం మామూలే. ఆల్కహాలిక్స్ అనానిమస్ వాళ్లు కూడా మందు మీద మనసు పోయినప్పుడు తీపి నోట్లో వేసుకోమని తమ పుస్తకంలో చెబుతారు. మొదటి పోరాటం మందుతోనే అయినవాడు ఆ సలహాను కాదనక్కర్లేదు, బెల్లం ముక్క కన్నా క్వార్టర్ చేసే హాని చాలా పెద్దది. షుగరున్నవాడు మాత్రం దీక్ష రూపాన్ని తీసుకుని పళ్లెం మార్చుకోవాలి. భిక్షలో గుప్పెడు అన్నం, దానికి రెండింతల సొరకాయ కూరో బీరకాయ కూరో, ముద్దపప్పు మీద నెయ్యి, గిన్నెడు పెరుగు, రాత్రికి పనీరో, ఉడికించిన శనగలో, గుప్పెడు పల్లీలో పెట్టుకుంటే ఏ నియమమూ తప్పదు. గుడ్డు, మాంసం ఉండవు కాబట్టి మరీ కఠినమైన కీటో కుదరదు, మధ్యస్థంగా తగ్గించడం కుదురుతుంది.

"మాల తీసిన రాత్రే సీసా తీస్తారు, ఇంక దీని వల్ల లాభమేంటి?" అన్నది అందరూ అడిగే ప్రశ్న. అడగవలసిన ప్రశ్నే. కానీ ఆ ఒక్క రాత్రిని జాగ్రత్తగా చూడండి. 41వ రోజున ఉన్నదీ అదే మనిషి, అదే కాలేయం, అదే వీధి, అదే వైన్స్. మారిందల్లా పిలుపు, పూసలు, ఏడింటి పని, చుట్టూ ఉన్న జట్టు. అవన్నీ ఒకే రోజున ఊడదీస్తే తాగాడంటే, అవి ఉన్నన్నాళ్లూ అతన్ని ఆపింది అవేనని తేలినట్టే కదా. మనోబలం పెరగడం వల్లనే ఆగి ఉంటే 42వ రోజున అది ఎక్కడికి పోయింది? బ్రిటన్‌లో 2013 నుంచి జనవరి నెలంతా మందు మానే ఉద్యమం నడుస్తోంది. అందులో పాల్గొన్నవాళ్లు ఆరునెలల తర్వాత కూడా మునుపటికన్నా తక్కువ తాగుతున్నారని సస్సెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూశారు. మానాలని ముందే అనుకున్నవాళ్లు చేరడం వల్ల ఆ ఫలితం కాస్త పెద్దదిగా కనబడి ఉండొచ్చు. అయినా విరామం వృథా కాదనడానికి అది చాలు. దీక్షలో నిజమైన లోపం ఇంకొకటుంది. నియమం తప్పితే మాల తీసెయ్యాలి, అంతా పోయినట్టే. ఒక్క తప్పుతో "ఎలాగూ చెడింది" అని పూర్తిగా మునిగిపోవడాన్ని కూడా మార్లాట్ గుర్తించి చెప్పాడు. బిర్యానీ ఒక ప్లేటు తిన్నందుకు డైట్ వదిలేసేవాళ్లది ఇదే జబ్బు. డైట్ మాలకు అంత పవిత్రత అక్కర్లేదు. ఈ రాత్రి జారితే రేపు పొద్దున చన్నీళ్లతో మళ్లీ మొదలుపెట్టొచ్చు.

ఇది హిందూ మగవాళ్ల సంగతే కదా అనేవాళ్లకూ జవాబుంది. భవానీ దీక్ష ఆడవాళ్లూ తీసుకుంటారు. కొండగట్టు అంజన్న మాల ఉంది, మల్లాపూర్ చర్చికి పోయేవాళ్లకు 40 రోజుల శ్రమదినాలున్నాయి, రామంతాపూర్ మసీదుకు పోయేవాళ్లకు రంజాన్ ఉంది. అన్నిటిలోనూ గడువు, గుంపు, గంట ఉన్నాయి. దేవుణ్ణి నమ్మనివాళ్లు కూడా ఈ మూడూ తీసుకోవచ్చు. కాదనలేని ఫిర్యాదు ఒకటి మిగిలే ఉంది. స్వామి నియమం తెల్లవారుజామున స్నానంతో మొదలైతే, అతనికి మడితో వండే ఆమె రోజు అంతకన్నా ముందే మొదలవుతుంది. ఆమెకు హోదా పెంచే పేరేదీ లేదు. ఇంట్లో ఒకరి కోరికను ఆపడానికి ఇంకొకరి నిద్ర ఖర్చు పెట్టడం నాకు న్యాయంగా తోచదు. పనీరు ముక్కలు కోసుకోవడం, మజ్జిగ చిలుక్కోవడం ఏడింటి పనిలో భాగం చేసుకుంటే స్వామి చేతులకూ పని దొరుకుతుంది.

ఒక హెచ్చరిక మాత్రం తగ్గించి చెప్పకూడదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 43 శాతం మంది మందు తాగుతారు. వాళ్లలో రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే మొదటి రోజు చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, రెండు మూడు రోజుల్లో ఫిట్స్, మతిభ్రమణం రావచ్చు. ప్రాణం కూడా పోవచ్చు. అది దేవుడి పరీక్ష కాదు, వైద్యం చెయ్యవలసిన స్థితి. మాల వేసుకునే ముందే డాక్టరును కలవాలి. ఎర్రగడ్డలో మానసిక వైద్యశాల ఉంది, 14416కు ఫోన్ చేస్తే టెలీమానస్ వాళ్లు తెలుగులో మాట్లాడతారు. అక్కడ ఇచ్చే మందుల్లో థయమిన్ అనే విటమిన్ ఒకటి. తార్నాకలోని పోషకాహార సంస్థ 1918లో కూనూరులో పుట్టిందే, పాలిష్ బియ్యం తినేవాళ్లకు ఆ విటమిన్ కొరవడి వచ్చే బెరిబెరి మీద పరిశోధన కోసం. తెల్లన్నం మీద బతికేవాళ్లకూ, మందు మీద బతికేవాళ్లకూ లోటు ఒకటే కావడం నన్ను ఎప్పుడూ ఆపి ఆలోచింపజేస్తుంది. ఇన్సులిన్, షుగరు మాత్రలు వాడేవాళ్లు అన్నం తగ్గించేముందు మోతాదు మార్పించుకోవాలి. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రల మీద ఉన్నవాళ్లకు కఠినమైన డైట్, మందు రెండూ కలిస్తే రక్తంలో ఆమ్లాలు పెరిగే ప్రమాదం ఉంది.

ఇక మిగిలింది మాల తీసిన సాయంత్రం. శబరిమల నుంచి వచ్చి, పూసలు తీసి, దేవుడి గూట్లో కొక్కేనికి తగిలించి, గడ్డం గీయించుకుని, చెప్పులు తొడుక్కున్న మనిషికి ఆ ఏడింటి వేళ ఒక్కసారిగా ఖాళీ అవుతుంది. నల్లబట్టలు పోయినా ఫర్వాలేదు, ఆ గంట పోకూడదు. ఆరున్నరకు స్నానం, ఉప్పు మజ్జిగ ఒక గ్లాసు, అదే నలుగురితో ఉప్పల్ మినీ శిల్పారామం దాకో, స్కైవాక్ చుట్టూనో నడక, ఎనిమిదిన్నరకు తినడం ఉంటే చాలు. పిలుపు కూడా ఉంచుకోవచ్చు. గదస్వామి దాకా కలిసి మెట్లెక్కినవాళ్లు వేసవిలో కూడా ఒకర్నొకరు "స్వామీ" అనే పిలుచుకుంటారు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కాబట్టి మాల తీసే రోజున, గురుస్వామి ఇంటి అరుగు మీద అందరూ చెప్పులు వెతుక్కుంటున్నప్పుడే, ఒకరు అడిగెయ్యాలి: "స్వామీ, రేపు ఏడింటికి ఎక్కడ కలుద్దాం?"