ఎన్నో జవాబులున్న లెక్క

పొడవు 8, వెడల్పు 4 సెంటీమీటర్లైతే చుట్టుకొలత ఎంత అని అడిగితే, పిల్లలు సూత్రంలో అంకెలు వేసి 24 అని రాసి ఊరుకుంటారు. అదే లెక్కను తిరగేసి, చుట్టుకొలత 24 వచ్చే దీర్ఘచతురస్రాలు ఎన్ని గీయగలరో చూడమనే టీచరు పనితనం చాలా గొప్పది. భుజాలు పూర్ణాంకాలైతే 1, 11 మొదలుకొని 6, 6 దాకా ఆరు వస్తాయి. చివరిది చతురస్రం కదా, దాన్ని కలపాలా వద్దా అన్న వాదన అక్కడే పుడుతుంది. నిర్వచనం ఎందుకు కావాలో పిల్లలకు అప్పుడు తెలుస్తుంది. వైశాల్యాలు వరసగా 11, 20, 27, 32, 35, 36. పెరుగుదల 9, 7, 5, 3, 1గా తగ్గుతున్న తీరు వాళ్ల కంట పడుతుంది. లెక్కలంటే జంకే పిల్లాడికీ ఒక జవాబు దొరుకుతుంది. చురుకైన పిల్ల దశాంశాల్లోకి వెళ్లి జవాబులకు అంతే లేదని తేలుస్తుంది.

దీనికి సమయం పడుతుందంటారు, నిజమే. పరీక్షకు పనికిరాదన్న మాట మాత్రం ఒప్పుకోలేం: ఆరుసార్లు కూడి, ఆరుసార్లు గుణించిన పిల్లకు అభ్యాసం తగ్గిందెక్కడ? ఏది రాసినా ఒప్పేనన్నది మరో అపోహ. 7, 6 అని రాస్తే చుట్టుకొలత 26, అది తప్పే. జపాన్‌లో 1970లలోనే పరిశోధకులు ఇలాంటి ప్రశ్నలతో పాఠాలు నడిపి చూశారు. మన టీచర్లూ ఈ వారం పాఠంలోని ఒక్క లెక్కనైనా తిరగేసి అడగాలి.