అవతలివాళ్లు ఎందుకు ఒప్పుకుంటారు?

కెనడాలో హాకీ అంటే మంచు మీద ఆడే ఆటే. మన ధ్యాన్‌చంద్ ఆడిన హాకీకీ దానికీ దూరపు చుట్టరికమే. ఆ ఆటకు పెద్ద వేదిక నేషనల్ హాకీ లీగ్. మొత్తం 32 జట్లు, వాటిలో ఏడు కెనడావి, మిగిలినవన్నీ అమెరికావి. అక్టోబరులో మొదలై జూన్ దాకా సాగుతుంది. అయితే ఆట జరిగే గంటలకంటే, ఆట గురించి మాట్లాడుకునే గంటలే ఎక్కువ. ఆ మాటల్లో సగం ఒకే విషయం చుట్టూ తిరుగుతాయి: మన జట్టులో ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని ఇచ్చేయాలి, బదులుగా ఎవరిని తెచ్చుకోవాలి? దీన్ని ట్రేడ్ అంటారు. ఆఫీసు భోజనాల దగ్గర, బార్లలో, పిల్లల్ని ప్రాక్టీసుకు తీసుకొచ్చిన తల్లిదండ్రులు చలికి చేతులు రుద్దుకుంటూ కూర్చునే రింకు బల్లల మీద ఇదే చర్చ. టొరంటో, ఎడ్మంటన్, కాల్గరీలలో పెరుగుతున్న తెలుగు పిల్లలూ ఈ చర్చలోకి వస్తున్నారు. వాళ్ల తల్లిదండ్రుల్లో చాలామందికి ఇదంతా కాలక్షేపం కబుర్లలా అనిపిస్తుంది. నాకు అలా అనిపించదు. ఇందులో ఒక పద్ధతి ఉంది, నేర్చుకోవలసిన నేర్పు ఉంది.

కొత్త అభిమాని చేసే ప్రతిపాదన ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. మా జట్టులో మూడో వరుసలో ఆడే ఇద్దరిని ఇస్తాం, కొత్త కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్టులో ఒక రెండో రౌండు పిక్ (ఎంపిక వంతు) ఇస్తాం, మీ మొదటి వరుస సెంటర్‌ని మాకిచ్చేయండి! తనకు అక్కర్లేనివన్నీ పోగేసి, ఎదుటివాడికి ప్రాణమైనదాన్ని అడగడం. చర్చలో ఆరితేరినవాళ్లు దీనికి కోప్పడరు. ఒక్క ప్రశ్న వేస్తారు: "అవతలివాళ్లు ఎందుకు ఒప్పుకుంటారు?" ఈ విద్యకు అదే తలుపు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే అవతలి జట్టు అభిమాని కుర్చీలో కూర్చోవాలి. వాళ్లకు ఎవరు కొరత, ఎవరి ఒప్పందం ముగుస్తోంది, ఈ ఏడాదే లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్పు కోసం వెళ్తున్నారా లేక కుర్రాళ్లను పోగేసుకునే దశలో ఉన్నారా, ఇవన్నీ తెలుసుకోవాలి. తెలుసుకున్నాక తన ప్రతిపాదనను తానే దిద్దుకుంటాడు. దిద్దుకున్నకొద్దీ అందులో తనకు ఇష్టమైన ఆటగాడి పేరు వచ్చి చేరుతుంది. చెప్పేటప్పుడు తనకే కాస్త నొప్పి కలగాలి. నొప్పి కలగలేదంటే ఆ బేరం ఇంకా కుదిరే దశకు రాలేదని అర్థం.

రెండో మెట్టు లెక్క. 2004-05 సీజన్ మొత్తం యజమానులకూ ఆటగాళ్లకూ మధ్య వివాదంలో రద్దయిపోయింది. ఆ తర్వాత శాలరీ క్యాప్ వచ్చింది. అంటే జట్టు మొత్తం జీతాలకు ఒక గరిష్ఠ హద్దు. ఐపీఎల్ వేలంలో ప్రతి ఫ్రాంచైజీ చేతిలో ఉండే పర్సు తెలుగు పాఠకులకు బాగా తెలుసు, ఇదీ అలాంటిదే. కాకపోతే ఇక్కడ ఏటేటా వేలం లేదు. ఏళ్ల తరబడి సాగే ఒప్పందాలుంటాయి, ఒకసారి రాసిచ్చిన జీతం జట్టు మెడకు చుట్టుకుని ఉంటుంది. 2005-06లో ఆ హద్దు 3.9 కోట్ల డాలర్లు, 2025-26 నాటికి 9.55 కోట్లు. మధ్యలో కోవిడ్ వచ్చి, ఆదాయం పడిపోయి, వరసగా మూడు సీజన్లు 8.15 కోట్ల దగ్గరే నిలిచిపోయింది.

ఆ మూడేళ్లలో అభిమానుల చర్చ రూపమే మారిపోయింది. అంతకుముందు ప్రశ్న "ఈ ఆటగాడి విలువెంత?" అన్నది. ఇప్పుడు "ఈ ఆటగాడిని ఈ జీతంతో ఎవరు భరించగలరు?" అయింది. 2021లో వేగస్ జట్టు గోలీ (గోల్‌కీపర్) మార్క్-ఆండ్రే ఫ్లూరీ లీగ్‌లో ఉత్తమ గోలీకి ఇచ్చే వెజీనా ట్రోఫీ గెలిచాడు. కొన్ని వారాలు తిరగకముందే జట్టు అతన్ని చికాగోకు పంపేసింది. బదులుగా వచ్చింది చిన్న లీగ్‌లో ఆడే ఒక కుర్రాడు, అంతే. ఫ్లూరీ ఆట తగ్గి కాదు, అతని 70 లక్షల డాలర్ల జీతం పట్టే చోటు లేక. ఆటగాడు వేరు, ఒప్పందం వేరు అన్న సంగతి చాలామంది అభిమానులకు ఆ రోజే తెలిసింది. అభిమానులు చూసేది ఆటగాణ్ణి. జట్లు మార్చుకునేది ఒప్పందాల్ని.

ఈ లెక్కల్లో కొన్ని నాజూకు పనితనాలున్నాయి. ఆటగాణ్ణి ఇచ్చే జట్టు అతని జీతంలో సగం వరకూ తనే భరిస్తానని ఒప్పుకోవచ్చు. 2021 ఏప్రిల్లో కొలంబస్ నుంచి డేవిడ్ సవార్డ్ అనే డిఫెన్స్‌మన్ టాంపా బేకు వెళ్లినప్పుడు దీన్ని రెండింతలు చేశారు. కొలంబస్ సగం జీతం తన దగ్గర ఉంచుకుంది. మధ్యలో డెట్రాయిట్ దిగి, మిగిలిన సగంలో సగం తను మోసింది, ఆ సాయానికి ఒక నాలుగో రౌండు పిక్ పుచ్చుకుంది. అప్పటి నిబంధనల ప్రకారం టాంపా చివరికి కట్టింది జీతంలో పావు వంతు. ఆ జూలైలో టాంపా కప్పు ఎత్తుకుంది. డెట్రాయిట్ తను ఆడించని ఆటగాడి జీతం ఎందుకు మోసిందని మొదటిసారి విన్నవాళ్లు తెల్లబోతారు. కప్పు కోసం పోటీపడే స్థితిలో లేని జట్టుకు క్యాప్‌లో మిగిలే ఖాళీ కూడా సరుకేనని తెలిస్తే ఆశ్చర్యం పోతుంది. ఇలాంటి మూడో జట్టును వెతికి పట్టుకుని ప్రతిపాదనలోకి తీసుకురాగలిగిన అభిమానిని చుట్టూ ఉన్నవాళ్లు గౌరవంగా చూస్తారు.

లెక్క సరిపోయినంత మాత్రాన బేరం సరిపోదు. జట్టులో గరిష్ఠంగా 23 మంది ఉండొచ్చు. ఒక్కో మ్యాచ్‌కు దిగేది 18 మంది ఆటగాళ్లు, ఇద్దరు గోలీలు. ఆ 18 మందిలో ఎవరు ఎక్కడ అన్నదే అసలు చిక్కు. ముఖ్యంగా కుడివాటంగా కర్ర పట్టే డిఫెన్స్‌మెన్ తక్కువ, కాబట్టి వాళ్ల ధర ఎక్కువ. 2016 జూన్ 29న ఎడ్మంటన్ తన ఎడమ వింగర్ టేలర్ హాల్‌ను న్యూజెర్సీకి ఇచ్చి ఆడం లార్సన్ అనే కుడివాటం డిఫెన్స్‌మన్‌ను తెచ్చుకుంది. ఒకరికి ఒకరు, పిక్‌లు లేవు, ఇంకెవరూ లేరు. హాల్ 2010 డ్రాఫ్టులో అందరికంటే ముందు ఎంపికైనవాడు. లార్సన్ గోల్స్ కొట్టేవాడు కాదు. ఎడ్మంటన్ అభిమానులు నమ్మలేకపోయారు. రెండేళ్లకు హాల్ లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడికి ఇచ్చే హార్ట్ ట్రోఫీ గెలిచాడు. దాంతో వివాదం ముగిసినట్టే అనిపిస్తుంది. కానీ అదే ఎడ్మంటన్ 2006 తర్వాత ఒక్కసారీ ప్లేఆఫ్స్‌కు చేరని జట్టు, లార్సన్ వచ్చిన మొదటి సీజన్‌లోనే చేరింది. చేరడానికి లార్సన్ ఎంత కారణం, కానర్ మెక్‌డేవిడ్ అనే అసాధారణ కుర్రాడు ఎంత కారణం? నా లెక్కలో ఎడ్మంటన్ ఎక్కువే చెల్లించింది. అయినా వెనక వరుసలో ఉన్న గొయ్యిని పూడ్చుకోవాలన్న ఆలోచన తప్పు కాదు. చెల్లించిన ధర వేరు, కొనాలన్న అవసరం వేరు. ఈ రెండింటినీ కలిపేసి తిట్టడం చర్చలో తరచూ జరిగే పొరపాటు.

ఇక డ్రాఫ్ట్ పిక్‌లు. పేరు లేని ఆటగాడిని ఇవ్వడం చాలా తేలిక. ఎవరి ముఖమూ గుర్తురాదు, గుండె కలుక్కుమనదు. అందుకే అభిమానులు పిక్‌లను చిల్లరలా ఖర్చుపెడతారు. టొరంటో మేపుల్ లీఫ్స్ అభిమానులకు మాత్రం ఈ విషయంలో ఒళ్లు మండే జ్ఞాపకాలున్నాయి. 1989 అక్టోబరులో వాళ్ల జట్టు టామ్ కర్వర్స్ అనే డిఫెన్స్‌మన్ కోసం 1991 మొదటి రౌండు పిక్‌ను న్యూజెర్సీకి ఇచ్చేసింది. ఆ పిక్ డ్రాఫ్టులో మూడోది అయింది. న్యూజెర్సీ దానితో తీసుకున్నది స్కాట్ నీడర్‌మైయర్‌ను. అతను ఆ జట్టుతో మూడు స్టాన్లీ కప్పులు గెలిచాడు. ఇరవై ఏళ్లకు మళ్లీ అదే ఊరు: 2009లో ఫిల్ కెసెల్ కోసం టొరంటో రెండు మొదటి రౌండు పిక్‌లు, ఒక రెండో రౌండు పిక్ బోస్టన్‌కు ఇచ్చింది. ఆ సీజన్‌లో 30 జట్లలో 29వ స్థానంలో నిలిచింది. కింద నిలిచిన జట్లకు ముందు వంతు దక్కుతుంది కాబట్టి ఇచ్చేసిన పిక్‌లలో ఒకటి డ్రాఫ్టులో రెండోది అయింది, దానితో బోస్టన్‌కు టైలర్ సెగిన్ దొరికాడు. కెసెల్ మంచి ఆటగాడే, ఏళ్ల తరబడి గోల్స్ కొట్టాడు. తప్పు అతన్ని కొనడంలో లేదు. తమ జట్టు బాగా ఆడుతుందన్న ధీమాతో, చేతిలో ఉన్న పిక్ విలువను తక్కువగా కట్టారు. అనుభవమున్న అభిమాని అందుకే తన ప్రతిపాదనలో ఒక షరతు కలుపుతాడు: పిక్ మొదటి పదిలో పడితే ఇవ్వం, మరుసటి ఏడాదిది ఇస్తాం. తన జట్టు గురించి తాను పొరబడి ఉండవచ్చని ముందే ఒప్పుకునే షరతు అది. అభిమాని నోట ఆ ఒప్పుకోలు రావడం ఎంత కష్టమో ఏ ఆట చూసేవారికైనా తెలుసు.

ఎవరిని ఉంచుకోవాలన్నదీ ఇంతే బరువైన ప్రశ్న. 2017లో వేగస్ కొత్తగా లీగ్‌లోకి వచ్చినప్పుడు ప్రతి పాత జట్టూ ఒక్కో ఆటగాణ్ణి వదులుకోవాల్సి వచ్చింది. ఏడుగురు ఫార్వర్డ్‌లను, ముగ్గురు డిఫెన్స్‌మెన్‌ను, ఒక గోలీని కాపాడుకోవచ్చు. లేదా ఏ స్థానంలోనివాళ్లయినా ఎనిమిది మందిని, ఒక గోలీని. నెలల తరబడి అభిమానులు కాపాడవలసినవాళ్ల జాబితాలు రాశారు. ఫ్లోరిడా అంతకుముందు సీజన్‌లో 30 గోల్స్ కొట్టిన జొనాథన్ మార్షసోను కాపాడలేదు. పైగా రైలీ స్మిత్ జీతం వదిలించుకోవడానికి అతన్నీ వేగస్‌కే పంపింది. కొలంబస్ అయితే తమ ఇతర ఆటగాళ్ల జోలికి రావద్దని వేగస్‌కు పిక్‌లు సమర్పించింది. ఆ జట్టు నుంచి వేగస్ తీసుకున్న విలియం కార్ల్‌సన్ అంతకుముందు సీజన్‌లో ఆరు గోల్స్ కొట్టినవాడు, మరుసటి సీజన్‌లో 43 కొట్టాడు. ఈ ముగ్గురూ ఒకే వరుసలో ఆడి కొత్త జట్టును మొదటి ఏడాదే ఫైనల్‌కు తీసుకెళ్లారు. 2023లో వేగస్ కప్పు గెలిస్తే, ప్లేఆఫ్స్‌లో అత్యంత విలువైన ఆటగాడి బహుమతి మార్షసోకు వచ్చింది. ఒకరిని పోగొట్టుకుంటామన్న భయంతో ఇద్దరిని పోగొట్టుకోవచ్చని అప్పటినుంచీ జాబితాలు రాసే ప్రతివాడికీ ఫ్లోరిడా గుర్తొస్తుంది. 2021లో సియాటిల్ వచ్చినప్పుడు జట్లు అలా పక్క బేరాలకు దిగలేదు.

పాత ట్రేడ్‌లను తూచడానికి ఓ న్యాయం ఉంది: ఆ రోజు తెలిసినదాన్ని బట్టే తూచాలి. 1992లో క్విబెక్ జట్టు ఎరిక్ లిండ్రోస్ అనే ఆటగాణ్ణి ఒకేసారి ఫిలడెల్ఫియాకూ న్యూయార్క్ రేంజర్స్‌కూ అమ్మినంత పనిచేసింది. తగవు మధ్యవర్తి దాకా వెళ్లి ఫిలడెల్ఫియా గెలిచింది. ఒక్క లిండ్రోస్ కోసం ఆ జట్టు ఆరుగురు ఆటగాళ్లను, రెండు మొదటి రౌండు పిక్‌లను, కోటిన్నర డాలర్లను ఇచ్చింది. చర్చల్లో ఒక సూత్రం వినిపిస్తుంది, ట్రేడ్‌లో అందరికంటే మంచి ఆటగాడు ఎవరికి దక్కితే వాళ్లే గెలిచినట్టని. దాని ప్రకారం ఫిలడెల్ఫియా గెలవాలి. కానీ ఆ ఆరుగురిలో పీటర్ ఫోర్స్‌బర్గ్ ఉన్నాడు. అప్పటికి అతను ఈ లీగ్‌లో ఒక్క మ్యాచ్ ఆడని స్వీడన్ కుర్రాడు, ఆపైన అందరినీ మించినవాడు. సూత్రం తప్పలేదు, అందరికంటే మంచి ఆటగాడు ఎవరో ఆ రోజు ఎవరికీ తెలియలేదు. ఈ తేడా చెప్పగలిగినవాడితో మాట్లాడుతుంటే పొద్దు తెలియదు.

డబ్బు వేరే సంగతి. 1988 ఆగస్టు 9న ఎడ్మంటన్ వేన్ గ్రెట్జ్‌కీని లాస్ ఏంజిలిస్‌కు ఇచ్చింది. అప్పటికి అతనితో ఆ జట్టు నాలుగు కప్పులు గెలిచింది. తిరిగి వచ్చినవాటిలో ఇద్దరు కుర్రాళ్లు, మూడు మొదటి రౌండు పిక్‌లు, యజమాని పీటర్ పాక్లింగ్టన్‌కు కోటిన్నర డాలర్లు. ప్రభుత్వం ఈ ట్రేడ్‌ను ఆపాలని ఒక పార్లమెంటు సభ్యుడు అడిగాడు. ఊళ్లో యజమాని దిష్టిబొమ్మ తగలబెట్టారు. విలేకరుల ముందు గ్రెట్జ్‌కీ కన్నీళ్లు తుడుచుకున్నాడు. అతను లేకుండానే ఎడ్మంటన్ 1990లో మరో కప్పు గెలిచింది. అయినా ఆ ట్రేడ్ బాగుందని అక్కడ ఎవరూ అనరు, అనకూడదు కూడా. అతనొక ఊరి మనిషి. ఆటగాళ్లను సరుకులా మాట్లాడే అలవాటు ఈ చర్చల్లో ఉన్న నిజమైన లోపం. తన అనుమతి లేకుండా ట్రేడ్ చేయరాదన్న షరతు ఒప్పందంలో ఉన్న ఆటగాడు దాన్ని వాడుకుంటే కొందరు అభిమానులు ద్రోహిలా చూస్తారు. అతనికి బడికెళ్లే పిల్లలుంటారు, ఇల్లుంటుంది. తక్కువ జీతానికి ఒప్పుకుని సంపాదించుకున్న హక్కు కూడా అయి ఉండొచ్చు. ప్రతిపాదన చేసేవాడు ముందు ఆ షరతు ఉందో లేదో చూడాలి, ఉంటే గౌరవించాలి.

అమ్మక తప్పదని ఊరంతటికీ తెలిశాక ధర ఎలా పడిపోతుందో మాంట్రియల్‌ను చూస్తే తెలుస్తుంది. 1995 డిసెంబరు 2న డెట్రాయిట్ చేతిలో 11-1తో ఓడిన మ్యాచ్‌లో గోలీ పాట్రిక్ రువా తొమ్మిది గోల్స్ ఇచ్చేదాకా కోచ్ అతన్ని బయటికి పిలవలేదు. బయటికి రాగానే రువా నేరుగా జట్టు అధ్యక్షుడి దగ్గరికి వెళ్లి, మాంట్రియల్‌కు ఇదే తన ఆఖరి మ్యాచ్ అని చెప్పేశాడు. నాలుగు రోజుల్లో కెప్టెన్ మైక్ కీన్‌తో కలిసి కొలరాడోకు వెళ్లిపోయాడు. కొలరాడో అంటే ఆ ఏడాదే క్విబెక్ నుంచి తరలివెళ్లిన జట్టు, ఫోర్స్‌బర్గ్ ఉన్న జట్టు. ఆ సీజన్‌లోనే కప్పు గెలిచింది.

ఇలాంటి ట్రేడ్‌లను అభిమానులు చెట్లలా గీస్తారు: ఎవరి బదులు ఎవరు, వాళ్ల బదులు మళ్లీ ఎవరు అని కొమ్మలు గీసుకుంటూ పోతారు. రువాకు బదులుగా మాంట్రియల్‌కు వచ్చింది ముగ్గురు. వాళ్లలో గోలీ ఝోస్లన్ తిబోను క్విబెక్ 1993లో తీసుకున్నది లిండ్రోస్ బేరంలో వచ్చిన పిక్‌తో. వింగర్ మార్టిన్ రుచిన్‌స్కీని ఎడ్మంటన్ 1991లో తీసుకున్నది గ్రెట్జ్‌కీ బేరంలో వచ్చిన పిక్‌తో, ఆపైన అతను ట్రేడ్‌లోనే క్విబెక్‌కు చేరాడు. మూడు పెద్ద ట్రేడ్‌లూ ఒక్క చోట కలిశాయి. కొమ్మ అక్కడా ఆగలేదు. 1998 నవంబరులో మాంట్రియల్ తిబోను చికాగోకు ఇచ్చి, బదులుగా జెఫ్ హాకెట్ అనే ఇంకో గోలీని తెచ్చుకుంది.