ఆసరా, సర్దుబాటు, వకాల్తా: వైకల్య సేవల తెలుగు పరిభాషపై ఒక విమర్శ

వైకల్యాన్ని గురించిన తెలుగు చర్చ చాలాకాలంగా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతున్నది: ఆ వ్యక్తులను ఏమని పిలవాలి? కుంటి, గుడ్డి, చెవిటి వంటి దేశ్యపదాలను శిష్టవ్యవహారం నుంచి తొలగించి ‘వికలాంగులు’ అన్నాం. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ఆకాశవాణి ప్రసంగంలో ‘దివ్యాంగ’ పదాన్ని సూచించిన తరువాత అది కేంద్రప్రభుత్వ వ్యవహారంలోకీ, పత్రికల్లోకీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ సంక్షేమశాఖ ‘విభిన్న ప్రతిభావంతులు’ అంటున్నది. ఈ పేర్ల మంచిచెడ్డలకు లభించిన శ్రద్ధ, ఆ వ్యక్తులకు అందవలసిన సేవలనూ వారి పక్షాన సాగే వాదాన్నీ వ్యక్తం చేసే మాటలకు లభించలేదు. అసలు చిక్కు ఈ రెండవ పరిభాషలోనే ఉన్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

పేర్ల విషయంలో ఒక్కమాట అవసరం. వికలాంగ, దివ్యాంగ పదాలు పరస్పర విరుద్ధాలుగా తోచినా రెండింటి ఉత్తరపదమూ ‘అంగ’మే. ఒకటి అంగంలో కొరతను, మరొకటి దివ్యత్వాన్ని చూస్తుంది. ‘విభిన్న ప్రతిభావంతులు’ అంగాన్ని విడిచిపెట్టింది కాని గౌరవానికి ప్రతిభను షరతుగా పెట్టింది. ప్రత్యేకప్రతిభ ఏదీ లేని సామాన్యుడిగా బతికే హక్కు ఆ పేరులో ఇమడదు. 1995 నాటి చట్టం ఏడు వైకల్యాలను గుర్తించగా, 2016 చట్టం 21 వైకల్యాలను పేర్కొన్నది. ఆటిజం, అభ్యసన వైకల్యం, తలసీమియా, హీమోఫీలియా వాటిలో ఉన్నాయి. వీటిలో వికలమైన అంగమేది, దివ్యమైన అంగమేది?

2016 చట్టం తీసుకువచ్చిన ముఖ్యమైన మార్పు సంఖ్యలో కాదు, నిర్వచనంలో ఉన్నది. దీర్ఘకాలిక శారీరక, మానసిక, బౌద్ధిక, ఇంద్రియ సంబంధ లోపం సమాజంలోని అవరోధాలతో తలపడినప్పుడు, ఇతరులతో సమానంగా పాల్గొనే అవకాశం దెబ్బతింటుందని ఆ నిర్వచన సారాంశం. అంటే ‘ఇంపెయిర్‌మెంట్’ దేహానికి లేదా మనసుకు సంబంధించినది. ‘డిజెబిలిటీ’ ఆ లోపానికీ, మెట్లు మాత్రమే ఉన్న కార్యాలయానికీ మధ్య పుట్టేది. తెలుగులో ఈ రెండింటినీ ‘వైకల్యం’ అనే అంటున్నాం. చట్టానికి ఆయువుపట్టయిన భేదం అనువాదంలోనే మాయమవుతున్నది. అవరోధం కనిపించకపోతే దానిని తొలగించవలసిన బాధ్యుడూ కనిపించడు.

సేవల పేర్లలో ఈ అదృశ్యత మరింత స్పష్టం. తెలంగాణ ప్రభుత్వం 2014లో ప్రారంభించిన పింఛను పథకం పేరు ‘ఆసరా’. ఆంధ్రప్రదేశ్‌లో ‘ఎన్టీఆర్ భరోసా’. తెలంగాణలో 2023 ఎన్నికల హామీలలో వినిపించిన పేరు ‘చేయూత’. మూడూ ఆత్మీయమైన మాటలే. కాని మూడింటి అర్థనిర్మాణమూ ఒకటే: ఒరిగే వ్యక్తి ఒకడు, నిలబెట్టే చేయి ఒకటి. ఇచ్చేవాడికి ఔదార్యం, పుచ్చుకునేవాడికి కృతజ్ఞత ఆ మాటల్లోనే అంతర్లీనంగా ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో వైకల్య పింఛను 6,000 రూపాయలకు పెరగడం బతుకులో నిజమైన మార్పే. దానిని తక్కువ చేయరాదు. అయితే దాతృత్వ పరిభాషలో పెరిగిన మొత్తం కానుక అవుతుంది. హక్కుల పరిభాషలో అది బకాయి తీర్చడం అవుతుంది. ‘వికలాంగుల హక్కుల పోరాట సమితి’ పేరు ఇక్కడ పరిశీలించదగినది. మొదటి పదాన్ని మార్చాలన్న తాపత్రయం ఆ పేరులో లేదు. దాని పక్కన ‘హక్కుల’, ‘పోరాట’ అన్న పదాలు చేర్చడంతోనే సంబంధం మారిపోయింది.

ఇక ‘సదరం’ మాట. వైకల్య శాతాన్ని నిర్ధారించేందుకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వాడుకలోకి తెచ్చిన సాఫ్ట్‌వేర్ ఆంగ్లనామపు పొడి అక్షరాల కూర్పు ఇది. నేడు ‘సదరం సర్టిఫికెట్’ పల్లెల్లో కూడా అచ్చతెలుగు మాటలా చెల్లుతున్నది. ఆ ఆంగ్లనామంలో పునరావాసం, సాధికారత అన్న అర్థాలున్నాయి. వ్యవహారంలో మాత్రం శాతమే మిగిలింది. మాట తెలుగైంది, లక్ష్యం కాలేదు.

చట్టంలోని ‘రీజనబుల్ అకామడేషన్’ భావనకు ‘సర్దుబాటు’ అన్న అనువాదం సులభంగా స్ఫురిస్తుంది. కాని తెలుగులో సర్దుకుపోవలసింది ఎప్పుడూ బలహీనుడే. అత్తవారింట్లో కోడలు సర్దుకుంటుంది, ఇరుకు బండిలో చివర ఎక్కినవాడు సర్దుకుంటాడు. చట్టం చెప్పేది దీనికి విపరీతం: మారవలసింది సంస్థ. 2021లో వికాస్‌కుమార్ కేసులో, రాసేటప్పుడు చేతివేళ్లు పట్టేసే సమస్య ఉన్న సివిల్స్ అభ్యర్థికి లేఖకుని సహాయం దక్కాలని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 40 శాతం వైకల్యం ఉండాలన్న కొలతకు ఈ సౌకర్యాన్ని ముడిపెట్టరాదని స్పష్టం చేసింది. ఆ తీర్పు సారాన్ని ‘సర్దుబాటు’ మోయలేదు. ‘సముచిత ఏర్పాటు’ అంటే ఏర్పాటు చేయవలసినవారెవరన్న ప్రశ్న వెంటనే పుడుతుంది. ‘సంరక్షకుడు’ విషయమూ ఇంతే. 2016 చట్టం ఉద్దేశించిన పరిమిత సంరక్షకుడు ఆ వ్యక్తితో సంప్రదించి, పరస్పర విశ్వాసంతో నిర్ణయం తీసుకోవలసినవాడు. వ్యవహారంలోని సంరక్షకుడు ఆ వ్యక్తికి బదులుగా నిర్ణయిస్తాడు.

ఈ విమర్శ సాహిత్యవిమర్శకులమైన మనకూ వర్తిస్తుంది. ఒకరి పక్షాన మాట్లాడటానికి తెలుగులో ఉన్న సజీవమైన మాట ‘వకాల్తా’. అందులో కక్షిదారు మౌనంగా ఉంటాడు. కథలోని వైకల్యపాత్రను కరుణరసానికి ఆలంబనగా చూపిన రచయితను ‘గొంతులేనివారికి గొంతునిచ్చాడు’ అని మెచ్చుకుంటాం. గొంతు ఉండీ వినబడనివారి సంగతి ఆ మెప్పులో మరుగవుతుంది. ‘మేము లేకుండా మా గురించి ఏదీ వద్దు’ అన్న ప్రపంచవ్యాప్త నినాదం తిరస్కరించింది ఈ వకాల్తానే. 2024 జూలైలో నిపుణ్ మల్హోత్రా కేసులో, సినిమాలలో వైకల్య చిత్రణను పరిశీలిస్తూ సుప్రీంకోర్టు, కించపరిచే హాస్యానికీ, వైకల్యంపై అవగాహన పెంచే హాస్యానికీ భేదం చూపింది. ‘పీడితుడు’, ‘బాధితుడు’ తరహా మాటలు సామాజిక అవరోధాలను కప్పివేస్తాయని హెచ్చరించింది. ‘అంధత్వంతో బాధపడుతూ’, ‘వైకల్యాన్ని జయించి’ అని మనం పరిచయవ్యాసాలలో అలవాటుగా రాసే వాక్యాలు ఆ హెచ్చరిక పరిధిలోకే వస్తాయి. పరిశోధనవ్యాసాలలో ‘గుడ్డి అనుకరణ’, ‘కుంటి వాదన’ అని నిస్సంకోచంగా రాస్తూ, ఉపసంహారంలో మానవీయతను గురించి చెప్పడం మన శాస్త్రీయతకే లోపం.

సామెతలనూ ప్రాచీనకావ్యాలనూ శుద్ధి చేయాలన్నది ఈ వాదం కాదు. ‘చెవిటివాని ముందు శంఖం’ అన్న నానుడి భాషాచరిత్రకు సాక్ష్యం. దానిని చెరపరాదు, వ్యాఖ్యానించాలి. మార్చవలసింది నేడు మనం కొత్తగా తయారుచేస్తున్న పరిభాషను. దేహసంబంధమైన దానికి ‘లోపం’, సమాజసంబంధమైన దానికి ‘అవరోధం’, ఈ రెంటి ఫలితానికి ‘వైకల్యం’ అని మూడు మాటలను వేరుగా నిలపాలి. సాధారణ వ్యవహారంలో ‘వైకల్యం గల వ్యక్తులు’ అనవచ్చు; ఉద్యమాలు తమకు తాము పెట్టుకున్న పేర్లను యథాతథంగా గౌరవించాలి. పారిభాషిక పదకోశాలు రూపొందించే తెలుగుశాఖలు ఆ పనిలో వైకల్యం గల పరిశోధకులను సలహాదారులుగా కాక సంపాదకులుగా చేర్చుకోవాలి. ఆసరా అన్న మాటను తెలుగు వదులుకోనక్కరలేదు. హక్కు చెప్పవలసిన చోట దానిని వాడకుంటే చాలు.