వెయ్యి మంది వింటేనే పాటా?

మదనపల్లెలో పాటల చీటీ రాసిచ్చి ఖాళీ క్యాసెట్ నింపించుకున్న తరం మాది. అదొక పనితనం. అరవై నిమిషాల క్యాసెట్‌లో ఒక్కో పక్కకు ముప్పై నిమిషాలే. చరణం మధ్యలో టేపు అయిపోకుండా నిడివి చూసి పాటలు కుదర్చాలి. చివర్లో కాస్త మిగిలితే అందులో పట్టే చిన్న పాట వెతకాలి. తర్వాత పుంగనూరు, కుప్పం సెల్ షాపుల్లో మెమరీ కార్డులోకి వందల పాటలు ఎక్కించారు. ఆ రోజులంటే నాకెంత ఇష్టమున్నా ఒక మాట చెప్పాలి: మేమిచ్చిన డబ్బులో పాట రాసినవాళ్లకు, పాడినవాళ్లకు పైసా చేరలేదు.

2016లో జియో వచ్చాక ఆ షాపుల బేరం పోయింది. ఇప్పుడు డబ్బుకు లెక్క ఉంది. సినిమా పాట రాసినవాళ్లకు, బాణీ కట్టినవాళ్లకు రాయల్టీలో వాటా ఉండాలని 2012 చట్ట సవరణ చెప్పింది. మంచిదే. కానీ పాటలు వినిపించే యాప్‌లు చందాలు, ప్రకటనల రాబడి ఒకచోట కుప్పపోసి, మొత్తంలో ఏ పాట ఎన్నిసార్లు మోగిందో చూసి పంచుతాయి. నేను నెలంతా మావైపు పద్యాలే విన్నా, నా చందాలో ఎక్కువ భాగం నేను వినని హిట్ పాటలకే పోతుంది. పైగా ఏడాదిలో 1,000 సార్లు మోగని పాటకు స్పాటిఫై 2024 నుంచి ఏమీ ఇవ్వడం లేదు. యూట్యూబ్‌లో మామూలు వీడియోల ప్రకటనల్లో వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, సాధారణంగా ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి.

ఈ లెక్కల్లోకే రాని గొంతులూ ఉన్నాయి. మావైపు ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర భారతం ఆడతారు. పగలు హరికథ, రాత్రి నాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కుతూ పద్యం ఎత్తుకుంటాడు, పైనుంచి నిమ్మకాయలు విసురుతాడు, కింద పిల్లలు లేని ఆడవాళ్లు కొంగు పట్టుకుని ఉంటారు. ఆ గొంతును సెల్‌లో పట్టి ఎవరో తన ఛానెల్లో పెట్టుకుంటారు. రాబడి వస్తే ఛానెల్‌వాడిది. పాడినాయన పేరైనా కింద ఉండదు. ఇది అన్యాయం.

1919లో ఇదే మదనపల్లెలో బీసెంట్ కాలేజీలో జనగణమనకు స్వరం రాసిపెట్టిన మార్గరెట్ కజిన్స్ పేరు ఇప్పటికీ చెప్పుకుంటున్నాం. కాగితం మీద ఉంది కాబట్టే.

భారతం ఆడించే కమిటీ పెద్దలకు నా మనవి: ఈసారి కళాకారులతో సంభావన మాట్లాడుకునేటప్పుడే వీడియో ఎవరు పెడతారు, రాబడి వస్తే గిస్తే వాటా ఎంత అన్నదీ కాగితం మీద రాయించండి. వీడియో కింద హరికథ చెప్పిన భాగవతారు పేరు, పద్యం పాడినాయన పేరు, మద్దెల వాయించినాయన పేరు, ఊరి పేరు వేయించండి.