విషకన్యకు శాసనం లేదు

శాసనాలు, నాణేలు చదవడానికి అలవాటుపడిన చరిత్ర విద్యార్థికి చారిత్రక నవల పట్ల సహజంగానే అనుమానం ఉంటుంది. అందులో ప్రేమకథ, దానికి తోడు అతిమానుషాంశం ఉన్నాయని తెలిస్తే ఇక ఆ పుస్తకం తెరవనే తెరవడు. అడివి బాపిరాజు (1895–1952) ‘హిమబిందు’ను నేను చాలాకాలం అలాగే దూరంగా ఉంచాను. ఉద్యోగరీత్యా సూరత్‌లోని ఆల్థాన్‌లో ఉండగా ఒక మిత్రుని బలవంతం మీద చదివాను.

సూరత్ శాతవాహన చరిత్రకు పరాయి చోటు కాదు. ఈ నగరం మీదుగా పారే తపతిపై ఉచితంగా పడవలు నడిపించినట్లు క్షహరాట నహపానుని అల్లుడు ఉషవదాతుని నాసిక్ శాసనం చెబుతుంది. ఆ నహపానుని వెండి నాణేలపై గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర వేయించాడు. 1906లో జోగల్తెంబిలో దొరికిన 13 వేలకు పైగా నాణేలలో 9 వేలకు పైగా అటువంటివే. నేనెరిగిన శాతవాహనులు వీరు.

నవలలోని శాతవాహనులు వేరు. తొలి శాతవాహనుల కాలానికే ధాన్యకటకం సామ్రాజ్య వైభవంతో వెలుగుతూ ఉంటుంది. కాని ఆ వంశపు తొలి శాసనాలు నానాఘాట్, నాసిక్‌లలో, సిముకుని నాణేలు కోటిలింగాలలో లభించాయి. చరిత్రకారుని ఆక్షేపణ ఇక్కడ న్యాయమైనదే.

అయినా నన్ను పుస్తకం మూయనివ్వనిది విషబాల. పగ తీర్చుకోవడానికి స్థౌలతిష్యుడు ఆమెను విషకన్యగా పెంచుతాడు. ఆమె చంపవలసిన రాకుమారుని ప్రేమిస్తుంది. విషకన్య ‘ముద్రారాక్షసం’ నాటికే ఉన్న కల్పన, వైద్యశాస్త్రం అంగీకరించదు. కాని పెద్దల పగకు ఒక ఆడపిల్ల బ్రతుకును ఆయుధంగా మలచడం కల్పన కాదు. గౌతమీ బాలశ్రీ పేరిట వెలసిన నాసిక్ శాసనంలో సైతం అధికభాగం కుమారుని విజయాలకే దక్కింది. పగకు బలైన స్త్రీల లెక్క ఏ శాసనమూ చెప్పదు. ఆ ఖాళీలో బాపిరాజు విషబాలను నిలబెట్టారు.

నవలపై నా అభ్యంతరం మరొకటి. చివరకు విషబాల దేహంలోని విషం విరుగుతుంది, పాఠకుడు తేలికపడతాడు. ఆమెను అలా పెంచినవారి అపరాధం మాత్రం ఆ శుభాంతపు వెలుగులో పలచబడిపోతుంది. ఆ ప్రశ్న వద్ద రచయిత మరికొంతసేపు నిలిచి ఉండవలసింది.

అభిరుచి మారిందని చెప్పను. అతిమానుషాన్ని నేటికీ నమ్మను. అయితే ఒక పాత్ర నమ్మదగినదా అని అడగడంతోనే విమర్శ ముగియదనీ, ఆ పాత్ర ఎవరి మౌనానికి మాటలిచ్చిందో కూడా అడగాలనీ ఈ నవల నేర్పింది. ఇకమీదట నాసిక్ శాసనం చదివేటప్పుడు అందులో లేనివారిని కూడా తలచుకుంటాను.